స్విచ్ బోర్డు పక్కన మా ఇంటి సర్వర్: నా అనుభవం

మా అత్తయ్యది జనగామ దగ్గర పల్లె. ఆమెకు వచ్చినన్ని బతుకమ్మ పాటలు వారాసిగూడలో మా గల్లీ మొత్తం వెతికినా ఇంకెవరికీ రావు. రెండేళ్లుగా మా పాప ఆ పాటలను ఫోన్‌లో రికార్డు చేస్తూ వచ్చింది. బియ్యం ఏరుతూ పాడినవి, మధ్యాహ్నం కునుకు తీసే ముందు సగం పాడి ఆపేసినవి, అన్నీ కలిపి నలభైకి పైగా ఉండేవి. 2024 దసరా సెలవుల తర్వాత ఒక సాయంత్రం ఫోన్ నిండిపోయింది. స్కూలు ప్రాజెక్టు వీడియో ఎక్కడం లేదని పాప గబగబా పాత ఫైళ్లు తీసేసింది. వాటితో పాటు పాటలూ పోయాయి. మా ఆడబిడ్డకు వాట్సాప్‌లో పంపినవి పదిహేడు మాత్రం దొరికాయి.

పాప ఆ రాత్రి అన్నం తినలేదు. అత్తయ్య మాత్రం "పోతే పోయినయి తియ్ బిడ్డా, మల్ల పాడ్త" అంది. కానీ ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. నేనొక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. బ్యాకప్ అంటే ఏమిటో బోర్డు మీద రాసి మరీ పిల్లలకు చెబుతాను. మా ఇంట్లో అది లేదు. ఆ బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు.

గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చేది 15 జీబీ. ఫొటోలు ఎన్నైనా పెట్టుకోవచ్చన్న సదుపాయం 2021 జూన్ 1తో పోయింది. మా నాలుగు ఖాతాలూ ఎప్పుడో నిండిపోయాయి. నెలనెలా డబ్బు కట్టి చోటు కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. కానీ కట్టడం ఆగిన నెల ఏమవుతుందో అన్న టెన్షన్ నాకుంది. మా ఆయనది చిన్న జిరాక్స్ షాపు. ఆదాయం అన్ని నెలలూ ఒకేలా ఉండదు. అందుకే పాటలు, ఫొటోలు మా ఇంట్లోనే, మా చేతిలోనే ఉండాలనుకున్నాను.

షాపులో పక్కన పెట్టేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. మొదట దాన్నే సర్వర్‌గా, అంటే ఇంట్లో అందరి ఫైళ్లూ దాచి ఎప్పుడూ వేసి ఉంచే కంప్యూటర్‌గా పెడదామనుకున్నాను. ఇక్కడ కరెంటు లెక్క అడ్డొచ్చింది. మాకు తెల్ల రేషన్ కార్డు ఉంది, తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం వర్తిస్తుంది. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు వస్తుంది. దాటితే ఆ నెల బిల్లు మొత్తం మనమే కట్టుకోవాలి. మామూలు నెలల్లో మాకు 160 నుంచి 175 యూనిట్లు అవుతుంది. ఎండాకాలంలో కూలర్ తిరిగితే 190 దాకా వెళ్తుంది. ఆ నెలల్లో అత్తయ్య మీటర్ చూసి వచ్చి అంకె చెబుతుంది, మేం ఒక లైటు తీసేస్తాం. డెస్క్‌టాప్ ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నా 80 వాట్లు తాగుతోందని వాట్ మీటర్ పెట్టి చూశాను. రోజంతా నెలంతా వేసి ఉంచితే 57.6 యూనిట్లు. అంటే ప్రతి నెలా 200 దాటేస్తాం. ఆ కంప్యూటర్ మా ఇంట్లో సర్వర్‌గా బతకదు. ఎవరో ఒకరు స్విచ్ తీసేస్తారు, తీసేయడమే న్యాయం కూడా.

కాబట్టి నాకు కావలసింది పది వాట్ల లోపు నడిచేది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు రాస్‌బెర్రీ పై గురించి తెలుసు. కానీ బోర్డు, అడాప్టర్, డబ్బా, మెమరీ కార్డు అన్నీ కలిపితే అప్పట్లో ఐదారు వేలు. ఆ నెల అంత పెట్టే పరిస్థితి లేదు.

నవంబర్‌లో ఒక ఆదివారం ఎర్రగడ్డ సండే మార్కెట్‌కు వెళ్లాం. మా ఆయన జిరాక్స్ మిషన్ రోలర్ కోసం, నేను ఊరికే. రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి, పాత రిమోట్లు, సెట్‌టాప్ బాక్సులు, రౌటర్లు గుట్టగా పోసి అమ్ముతున్నారు. ఆ గుట్టలో తెల్లటి డబ్బా ఒకటి కనిపించింది. ల్యాప్‌టాప్ ఛార్జర్ అడాప్టర్ కన్నా కొంచెం లావుగా ఉంది. ఒక పక్క గోడకు గుచ్చే పిన్నులు, ఇంకో పక్క లాన్ పోర్టు, యూఎస్‌బీ పోర్టు, ఎస్‌డీ కార్డు సందు, చిన్న మినీ యూఎస్‌బీ రంధ్రం. అమ్మే అతను దాన్ని ఏదో ఛార్జర్ అనుకుంటున్నాడు. ఎనిమిది వందలు చెప్పి ఆరు వందలకు ఇచ్చాడు. దాని మీద ఏ కంపెనీ పేరుందో ఇక్కడ రాయను. తర్వాత జరిగిన దానికి దాని వయసు, మా ఇంటి వేడి రెండూ కారణమే.

ఆ డబ్బా ఏమిటో నాకు తెలియడానికి కారణం ఉంది. వీటిని ప్లగ్ కంప్యూటర్లు అనేవారు. 2009లో మార్వెల్ అనే చిప్పుల కంపెనీ షీవాప్లగ్ పేరుతో ఇలాంటిది ప్రకటించింది. ధర 99 డాలర్లు. 1.2 గిగాహెర్ట్జ్ కిర్క్‌వుడ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 512 ఎంబీ ఫ్లాష్, గిగాబిట్ లాన్, ఒక యూఎస్‌బీ 2.0 పోర్టు. గోడకు గుచ్చితే చాలు, లోపల లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా నడుస్తుంది. మానిటర్ తగిలించే చోటు ఉండదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కొలంబియా యూనివర్సిటీ లా ప్రొఫెసర్ ఎబెన్ మోగ్లెన్ న్యూయార్క్‌లో ఒక ప్రసంగం చేశారు. మన ఉత్తరాలు, ఫొటోలు పెద్ద కంపెనీల దగ్గర కాకుండా మన ఇంటి గోడకు గుచ్చిన ఇలాంటి డబ్బాలోనే ఉండాలని అందులో వాదించారు. ఫ్రీడమ్‌బాక్స్ అనే ప్రాజెక్టు అలా పుట్టింది. డిగ్రీలో ఉండగా మా సీనియర్ ఒకరు స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ల క్యాంపుకు తీసుకెళ్తే అక్కడ విన్న మాటలివి. తెలుగులో లైనక్స్ వాడుకోవచ్చని నేను మొదట చూసిందీ వాళ్ల దగ్గరే. 2012 ఫిబ్రవరి 29న రాస్‌బెర్రీ పై 35 డాలర్లకు వచ్చాక ప్లగ్ కంప్యూటర్లను అడిగేవాళ్లు తగ్గిపోయారు. అలా మిగిలిపోయిన డబ్బా ఒకటి ఎర్రగడ్డలో నా చేతికి దొరికింది.

ఇంటికి వచ్చి గుచ్చగానే లైటు వెలిగింది. కానీ లోపల ఏముందో చూడాలంటే మినీ యూఎస్‌బీ వైరు కావాలి. మైక్రో కాదు, దానికి ముందు తరం, పాత కెమెరాలకు వచ్చేది. మా ఇంట్లో లేదు, షాపులో లేదు, స్కూల్లో లేదు. వారం తర్వాత కోఠి గుజరాతీ గల్లీలో నలభై రూపాయలకు దొరికింది.

ఆ వైరును ల్యాప్‌టాప్‌కు పెట్టి, సీరియల్ కన్సోల్ (డబ్బా పంపే అక్షరాలు చూపే కిటికీ) తెరిచి, వేగం 115200 అని ఇచ్చాను. నల్లటి తెర. ఏమీ లేదు. డబ్బా తీసి మళ్లీ గుచ్చాను. ఒక్కసారిగా అక్షరాలు కురిశాయి. చివర్లో "హిట్ ఎనీ కీ టు స్టాప్ ఆటోబూట్" అని వచ్చి, పక్కన 3, 2, 1 అని అంకెలు తిరిగి, నేను కీ నొక్కే లోపే దాటిపోయింది. స్విచ్ బోర్డు దగ్గరి నుంచి ల్యాప్‌టాప్ దాకా రావడానికి ఆ మూడు సెకన్లు చాలవు. చివరికి పాపను స్విచ్ దగ్గర నిలబెట్టి, నేను ఎంటర్ మీద వేలు పెట్టి కూర్చున్నాను. "అమ్మా, వేస్తున్నా" అని అరిచింది. నేను ఆపకుండా నొక్కుతూనే ఉన్నాను. లెక్క 2 దగ్గర ఆగింది. డబ్బాను మొదట లేపే ప్రోగ్రాము యూ-బూట్ తెరుచుకుంది. ఆ క్షణంలో మా ఇద్దరికీ కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

దాని మీద లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్ 12 వేశాను. ఈ ప్రాసెసర్ పాత ఆర్మ్ రకం, డెబియన్‌లో దాన్ని ఆర్మెల్ అంటారు. పెన్‌డ్రైవ్‌లో కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది) ఫైలు, ఇన్‌స్టాలర్ ఫైలు రెండే పెట్టి, యూ-బూట్ నుంచి వాటిని మెమరీలోకి ఎక్కించి మొదలుపెట్టాలి. సిస్టమ్‌ను 16 జీబీ ఎస్‌డీ కార్డు మీద వేశాను. మొదటిసారి పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే అది లేవలేదు. ఒక పూట వృథా అయ్యాక కారణం తెలిసింది. పాత యూ-బూట్‌కు ఎక్స్‌ట్ 4 అనే ఫైళ్ల అమరిక చదవడం రాదు. బూట్ భాగాన్ని విడిగా, చిన్నగా, ఎక్స్‌ట్ 2లో చేయాలి. మళ్లీ మొదటి నుంచి వేశాను. ఇన్‌స్టాల్ కావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఈ డబ్బాతో తొందర పనికిరాదు. రాత్రి మొదలుపెట్టి పొద్దున చూసుకోవాలి.

తర్వాత పనులు తేలిక. ఫోన్లు, ల్యాప్‌టాప్ ఫైళ్లు పెట్టుకోవడానికి సాంబా. టీవీకి ఫొటోలు, పాటలు చూపించడానికి మినీడీఎల్‌ఎన్‌ఏ. 512 ఎంబీ ర్యామ్‌లో ఈ రెండూ హాయిగా నడుస్తున్నాయి. ఇంకేవీ వేయలేదు. అందమైన ఫొటో గ్యాలరీ ప్రోగ్రాములు, ముఖాలు గుర్తుపట్టేవి ఇందులో ప్రయత్నించకండి, ఊపిరాడదు.

ఫైళ్లు పెట్టడానికి పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 500 జీబీ హార్డ్ డిస్కు ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి దానికి యూఎస్‌బీ కేసు కొన్నాను. డబ్బాకు పెట్టగానే డిస్కు "టిక్... టిక్... టిక్" అంటుంది, ఆగుతుంది, మళ్లీ మొదలు. చెవి దగ్గర పెట్టుకుని వింటే లోపల మోటారు తిరగబోయి ఆగిపోతున్నట్టు తెలుస్తుంది. డిస్కు పోయిందనుకుని నీరసం వచ్చింది. అదే డిస్కు ల్యాప్‌టాప్‌కు పెడితే చక్కగా తిరిగింది. విషయం ఏమిటంటే, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు. డిస్కు మోటారు మొదట తిరగడానికి దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. తిరిగాక అంత అక్కర్లేదు, కానీ తిరగాలి కదా. రెండు తలల యూఎస్‌బీ వైరు తెచ్చి, ఒక తల డబ్బాకు, రెండోది ఫోన్ ఛార్జర్‌కు పెట్టాను. టిక్ టిక్ ఆగిపోయింది.

డిస్కుతో కలిపి వాట్ మీటర్ 9 చూపించింది. నెలకు ఆరున్నర యూనిట్లు. ఆ అంకె కాగితం మీద రాసి అత్తయ్యకు చూపించాను. ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుని "గంతేనా? అయితె ఉండనియ్" అంది. మా ఇంట్లో దానికి అనుమతి వచ్చినట్టే.

మా ఇద్దరి ఫోన్లు, పాప ఫోన్ కలిపి 140 జీబీ దాకా ఉన్నాయి. మా రౌటర్ పోర్టులు 100 మెగాబిట్లవి, కాబట్టి వైరు మీద కూడా సెకనుకు 11 మెగాబైట్లు దాటవు. డబ్బాకు గిగాబిట్ ఉన్నా లాభం లేదు. ఫోన్లు వైఫై మీద మూడు మెగాబైట్ల దగ్గరే ఉన్నాయి. మొదటి కాపీకి రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడైతే రాత్రి ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి, ఇంటి వైఫై తగిలినప్పుడు ఒక ఆప్ కొత్త ఫొటోలను, రికార్డింగులను తనంతట తానే పంపిస్తుంది. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాకు కావలసింది సరిగ్గా అదే.

టీవీలో ఫొటోలు వచ్చిన రోజు గురించి చెప్పాలి. మాది పాత టీవీ, కానీ వైఫై ఉంది. సోర్స్ బటన్ నొక్కితే మా డబ్బా పేరు కనిపిస్తుంది. "బతుకమ్మ" అని ఒక ఫోల్డర్ పెట్టి, మిగిలిన పదిహేడు పాటలూ అందులో వేశాను. మొదటి పాట మొదలవగానే అత్తయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రెండో చరణం దగ్గర ఆగి, "ఈడ నేను మాట తప్పిన" అంది. ఆ మధ్యాహ్నమే అదే పాటను సరిగ్గా మళ్లీ పాడి రికార్డు చేయించుకుంది. తప్పిన పాటను తీసేయమంటే పాప ఒప్పుకోలేదు. రెండూ ఉన్నాయి.

వీడియోల దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. కొత్త ఫోన్ చోటు ఆదా కోసం హెచ్.265 పద్ధతిలో వీడియో తీస్తుంది. మా టీవీకి అది చదవడం రాదు, తెర నల్లగా ఉండి మాట మాత్రం వినిపిస్తుంది. ఈ డబ్బా వీడియోను ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మార్చలేదు, అంత బలం దానికి లేదు. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో పాత హెచ్.264కు మార్చాను. ఫైళ్లు పెద్దవయ్యాయి, కానీ టీవీలో ఆడుతున్నాయి.

ఇలా ఐదారు నెలలు బాగా నడిచింది. 2025 మే నెలలో ఒక మధ్యాహ్నం టీవీ స్టాండ్ వెనక నుంచి సన్నగా కాలిన వాసన వచ్చింది. డబ్బా లైటు ఆరుతూ వెలుగుతోంది. పట్టుకుంటే చెయ్యి కాలింది. వెంటనే స్విచ్ తీశాను. గోడకూ చెక్కకూ మధ్య, గాలి ఆడని చోట, నడి ఎండాకాలంలో దాన్ని గుచ్చి ఉంచాను. అది పెద్ద పొరపాటు. ఈ రకం డబ్బాల్లో 230 వోల్టుల కరెంటును 5 వోల్టులకు మార్చే పవర్ సప్లై ఆ ఇరుకు డబ్బాలోనే ఉంటుంది. దానిలో కరెంటు నిలవ పెట్టే కెపాసిటర్లు వేడికి ఏళ్ల తరబడి ఎండుతూ వస్తాయి. నా చేతికి వచ్చేసరికే దానికి పదేళ్లు దాటి ఉంటాయి.

గుజరాతీ గల్లీలో అడ్డంగా ఒక మనిషి పట్టేంత కౌంటర్‌లో రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. నాలుగు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాగి ఉన్నాయి. డబ్బా తెరిచి, ముందుగా ఒక వైరుతో కెపాసిటర్ కాళ్లు తాకించి ఛార్జ్ తీసేశాడు. ఇంట్లో ఎవరూ ఈ పని చేయకండి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా అందులో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. తర్వాత నాకు చూపించాడు. రెండు కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని అడుగున గోధుమ రంగు జిగురు కారి ఎండిపోయింది. తన బల్ల మీది సప్లై నుంచి బోర్డుకు 5 వోల్టులు ఇచ్చాడు. లైటు వెలిగింది.

"బోర్డు మంచిగనే ఉందమ్మా. పవర్ సప్లై ఒక్కటే పోయింది. కెపాసిటర్లు మారిస్తే నడుస్తది గానీ, ఈ ఇరుకుల మల్ల ఉబ్బుతయి. దీన్ని పీకేసి బయట అడాప్టర్ పెట్టుకో" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. పాత సప్లై తీసేసి, డబ్బా పక్కన రంధ్రం చేసి, గుండ్రటి పిన్ను సాకెట్ బిగించి, ఎర్ర వైరు, నల్ల వైరు సోల్డరింగ్ చేశాడు. ఏది ప్లస్సో ఏది మైనస్సో మీటర్‌తో రెండుసార్లు చూసుకున్నాడు. 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్‌తో కలిపి నాలుగు వందలు తీసుకున్నాడు. సప్లై బయటికి పోవడంతో లోపల బోలెడు చోటు వచ్చింది. ఇప్పుడు డబ్బా ముట్టుకుంటే గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది.

హార్డ్ డిస్కు పరిస్థితి మాత్రం అంత బాగాలేదు. ఆ మే నెలలో గాలివానలకు మా వైపు కరెంటు ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. పోయిన ప్రతిసారీ డిస్కు తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. డిస్కులో తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపితే కొన్ని ఫైళ్లు పేర్లు పోగొట్టుకుని లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో తేలాయి. పాటలు క్షేమంగానే ఉన్నాయి. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాటలను మళ్లీ ఒకే చోట పెట్టి కూర్చున్నాను కదా. ఇంట్లో సర్వర్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు.

జూన్‌లో స్కూలు తెరిచాక జీతం రాగానే మూడు వేల లోపు ధరలో 480 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకున్నాను. అందులో మోటారు లేదు, కాబట్టి మొదట్లో ఎక్కువ కరెంటు లాగే సమస్య లేదు. రెండు తలల వైరు, ఫోన్ ఛార్జర్ పక్కకు పోయాయి. పాత హార్డ్ డిస్కును శుభ్రం చేసి బ్యాకప్‌కు పెట్టాను. నెలకోసారి తగిలించి, ఆర్‌సింక్ అనే ప్రోగ్రాముతో కొత్తవి కాపీ చేసి, తీసి బీరువాలో పెడతాను. తీసేయడం ముఖ్యం. పిడుగు పడ్డా, నేనే పొరపాటున ఏదైనా చెరిపేసినా బీరువాలోది చెక్కు చెదరదు.

కరెంటు పోవడం సంగతి ఇంకా మిగిలింది. అప్పుడొక విషయం తట్టింది. డబ్బా ఇప్పుడు 5 వోల్టుల మీద నడుస్తోంది. రౌటర్లకు పెట్టే మినీ యూపీఎస్‌లలో 12 వోల్టులతో పాటు 5 వోల్టుల యూఎస్‌బీ పోర్టు కూడా ఉంటుంది. సప్లై కాలిపోకపోయి ఉంటే ఈ దారి దొరికేదే కాదు. గోడకు గుచ్చే 230 వోల్టుల డబ్బాను మినీ యూపీఎస్ మీద నడపలేం. పదిహేను వందలకు ఒకటి తెచ్చి, రౌటర్‌ను 12 వోల్టులకు, డబ్బాను 5 వోల్టులకు పెట్టాను. ముందు మెయిన్ స్విచ్ పదిసార్లు తీసి వేశాను. ఒక్కసారి కూడా డబ్బా రీస్టార్ట్ కాలేదు. తర్వాత బ్యాటరీ అయిపోయే దాకా వదిలేసి గడియారం చూశాను. గంటా యాభై నిమిషాలు వచ్చింది. మా వైపు కోతలకు ఇది సరిపోతుంది.

అంతకన్నా ఎక్కువ సేపు పోతే? పెద్ద యూపీఎస్‌లు కరెంటు పోయిన సంగతి కంప్యూటర్‌కు చెబుతాయి. ఈ చిన్నవి చెప్పవు. దానికి నేను చేసిన ఉపాయం ఇది. హాల్లో పాత వైఫై రిపీటర్ ఉంది, అది నేరుగా గోడ కరెంటు మీద నడుస్తుంది. డబ్బా దాన్ని నిమిషానికోసారి పింగ్ చేస్తుంది, అంటే ఉన్నావా అని అడుగుతుంది. వరుసగా డెబ్బై ఐదు నిమిషాలు జవాబు రాకపోతే కరెంటు లేనట్టే. అప్పుడు ఫైళ్లన్నీ భద్రంగా మూసి తానే ఆగిపోతుంది. పది లైన్ల స్క్రిప్టు. నేను రాసిన ప్రోగ్రాముల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే. ఇందులో ఒక లోటుంది. కరెంటు వచ్చాక డబ్బా తనంతట తాను లేవదు. యూపీఎస్ బటన్ ఒకసారి తీసి వేయాలి. పగలు ఇంట్లో ఉండేది అత్తయ్యే, ఆ పని ఆమెదే. డబ్బా లైటు వెలగకపోతే బటన్ నొక్కి, పదిదాకా లెక్కపెట్టి, మళ్లీ నొక్కుతుంది. ఇప్పటికి రెండుసార్లు చేసింది, రెండుసార్లూ స్కూల్లో ఉన్న నాకు ఫోన్ చేసి చెప్పింది.

బయటి నుంచి దీన్ని చూడొచ్చా అని మా ఆయన అడిగారు. షాపు నుంచి ఫైళ్లు తీసుకోవచ్చని ఆయన ఆలోచన. రౌటర్‌లో చూస్తే మాకు వచ్చిన ఇంటర్నెట్ (ఐపీ) అడ్రసు 100.70తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులు ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపలి వాడకానికి పెట్టుకున్నవి. ఒకే బయటి అడ్రసును చాలా ఇళ్లకు పంచుతారు. బయటి నుంచి వచ్చేవాళ్లకు మా ఇంటి గుమ్మం కనిపించదు. కేబుల్ అతన్ని అడిగితే విడి అడ్రసుకు నెలకు అదనంగా కట్టాలన్నాడు. దీనికి వేరే దారులున్నాయి, టార్ అనే నెట్‌వర్క్ ద్వారానో, అద్దె సర్వర్ ద్వారానో చేయొచ్చు. నేను వద్దన్నాను. పాత ప్రాసెసర్, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న డబ్బాను ప్రపంచానికి తెరిచి పెట్టడం నాకు ఇష్టం లేదు. షాపుకు కావలసినవి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తున్నారు.

2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. అందులో ఆర్మెల్‌కు ఇన్‌స్టాలర్ లేదు. ఈ ప్రాసెసర్‌కు కెర్నల్ కూడా ఇవ్వడం లేదు. అంటే నా డబ్బా డెబియన్ 12 దగ్గరే ఆగిపోతుంది. ఇంటి లోపలే ఉన్నంతకాలం ఇది నడుస్తుంది. కానీ ఒకట్రెండేళ్లలో దీని స్థానంలో ఇంకో చిన్న బోర్డు తేవాలి. అందుకే ఎస్ఎస్‌డీని ఎక్స్‌ట్ 4లో మామూలుగా ఉంచాను, ఏ చిత్రమైన పద్ధతీ వాడలేదు. రేపు ఏ లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకోవాలి.

2025 బతుకమ్మ తొమ్మిది రోజులూ పాప రికార్డు చేసింది. ఈసారి మా గల్లీ ఆడవాళ్లు కూడా పాడారు, వాళ్ల ఊళ్ల పాటలు వాళ్లు తెచ్చారు. ఫోల్డర్‌లో ఇప్పుడు 61 ఉన్నాయి. పాప ఒక్కో ఫైలుకు పాడినవాళ్ల పేరు, ఊరు తెలుగులోనే టైపు చేసి పెడుతోంది. కాపీ ఒకటి వేరే ఇంట్లో కూడా ఉండాలని ఇంకో డిస్కు కొని జనగామలో మా ఆడబిడ్డ దగ్గర పెట్టాం. వాళ్లు హైదరాబాద్ వచ్చినప్పుడల్లా దాన్ని తెస్తారు, నేను కొత్తవి నింపి పంపుతాను. పోయినసారి వచ్చినప్పుడు తనకూ ఇలాంటి డబ్బా పెట్టించమని అడిగింది. వాళ్ల కరెంటు బిల్లులు ఆరు నెలలవి ఫొటో తీసి పంపమన్నాను. ఇంకా రెండు నెలలవి రావాలి.